టీచరమ్మ కడగని బీడ్

టీచరమ్మ నిప్పులు కడిగే మనిషి. ఈ మాట మొదట అన్నది ఆవిడ అత్తగారు. తర్వాత ఆ మాట ఇల్లు దాటి, వీధి దాటి, ఆవిడ పనిచేసే ల్యాబు దాకా నడిచొచ్చింది. ఎవరు మోసుకొచ్చారో తెలియదు గానీ, ఆవిడకు కోపం రాలేదు. పైగా కొంచెం గర్వపడింది. మురికి మనిషని పేరు తెచ్చుకోవడం ఎవరికైనా చేతనవుతుంది, శుభ్రానికి పేరు పడటం మాటలా అని ఆవిడ ఉద్దేశం.

ఇంట్లో గిన్నె ఆవిడ చేతికి చిక్కిందంటే దాని పని అయిపోయినట్టే. తోముతుంది, కడుగుతుంది, వేలితో రాసి కిర్రుమందా లేదా అని చెవి ఒగ్గి వింటుంది, అనలేదని మళ్ళీ మొదటికొస్తుంది.

"నీ చేతిలో పడితే మురికి ఒక్కటే పోదే అమ్మా, గిన్నె కూడా పోతుంది" అనేది అత్తగారు, ఒక చెంబును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చిల్లు పడిందేమో చూస్తూ.

టీచరమ్మ ఆ చెంబు అందుకుని, అత్తగారి వేలిముద్రలు పడ్డాయని ఇంకోసారి కడిగేది.

పేరుకు టీచరమ్మే గానీ ఇప్పుడు టీచరు కాదు. చాలా ఏళ్ళు బడిలో భౌతికశాస్త్రం చెప్పింది. కాగితం మీద ఇనపరజను చల్లి, కింద అయస్కాంతం పెట్టి, పిల్లలకు ఆ వంకర గీతలు చూపించి చూపించి, చివరికి పిల్లలకంటే తనకే ఆ రజను మీద మోజు పుట్టింది. నలభై దాటాక ఉద్యోగం మానేసి పరిశోధనలో చేరింది. "ఈ వయసులో చదువేంటమ్మా" అని అడిగిన పక్కింటావిడతో, "మీకు షుగర్ రాలేదూ, నాకు చదువొచ్చింది" అంది. ఆ తర్వాత ఆ వీధిలో ఎవరూ అడగలేదు.

ఆవిడ చదువంతా ఒక నల్లటి పొడి గురించి. దాన్ని ఫెర్రైట్ అంటారు. వరస కలిపి చూస్తే తుప్పుకు దగ్గర బంధువే. ఇనుము ఉప్పుకు కాస్త కోబాల్టు, కాస్త జింకు తోడుచేసి, నీళ్ళలో కరిగించి, క్షారం బొట్టు బొట్టుగా పోస్తూ వేడి మీద కలియదిప్పితే అడుగున నల్లటి మడ్డి దిగుతుంది. దాన్ని కడిగి, ఎండబెట్టి నూరితే కాటుకలాంటి పొడి వస్తుంది. అందులో ఒక్కో గింజ ఎంత సన్నమంటే, ఉందని నమ్మడమే తప్ప మామూలు భూతద్దానికి కూడా ఆనదు. ఈ కలపడమూ తిప్పడమూ అటుంచండి, కడగడం అనే మాట వినగానే ఈ చదువు తనకోసమే పుట్టిందని టీచరమ్మకు అర్థమైపోయింది.

ఇక ఆ గింజల గుణాలు. అయస్కాంతం దగ్గరికి తెస్తే అన్నీ లొంగుతాయి. అది తీసేశాక మాత్రం రెండు రకాలుగా చీలిపోతాయి. కొన్ని ఆ అయస్కాంతాన్ని మనసులో పెట్టుకుంటాయి, ఎంతకీ వదలవు. కొన్ని అక్కడికక్కడే మరిచిపోతాయి. కొలిచే యంత్రంలో పొడి పెడితే తెర మీద ఒక మెలిక గీత గీసి చూపిస్తుంది. దాన్ని లూప్ అంటారు. పట్టుదల గింజలైతే లూప్ లావుగా, మతిమరుపు గింజలైతే గీతంత సన్నగా వస్తుంది. టీచరమ్మకు కావలసినవి మతిమరుపువి. రేపు ఏదో ఒక మందులో కలిపి ఒంట్లోకి పంపితే, పని అయ్యాక ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకట్టకూడదు కదా. జింకు వంతు పెంచుతూ పోతే పొడికి ఆ గుణం వస్తుందని ఆవిడ వాదం. ఆ వాదమే ఆవిడ సిద్ధాంతగ్రంథంలో నడిమి అధ్యాయం.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. టీచరమ్మే గనక పొడి అయితే ఆవిడ లూప్ తెర పట్టేది కాదు. ఎప్పుడో పెళ్ళయిన కొత్తలో ఆడపడుచు అరువు తీసుకున్న గిన్నెను జిడ్డుతో తిరిగిచ్చిన సంగతి ఆవిడకు ఇవాళ్టికీ గుర్తే, ఆ జిడ్డు ఏ వైపు ఉందో కూడా గుర్తే. ఆవిడ భర్త రెండో రకం. పొద్దున్న జరిగిన పోట్లాట మధ్యాహ్నానికి ఆయనకు గుర్తుండదు. పోట్లాడినావిడకు ఇంతకంటే అవమానం ఉంటుందా?

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. వీధి మలుపులో అద్దాల తలుపున్న చిన్న కొట్టు. ఆవిడ అయస్కాంతాలు చేస్తుంది, ఆయన వదిలిస్తాడు. ఇది ఎగతాళి కాదు, నిజంగానే ఆ పని కోసం ఆయన దగ్గర తీగచుట్టు పెట్టె ఒకటి ఉంది. గడియారం లోపలి వెంట్రుకలాంటి స్ప్రింగుకు అయస్కాంతం అంటితే చుట్లు ఒకదానికొకటి అతుక్కుని గడియారం పరుగెడుతుంది. ఒకసారి టీచరమ్మ చేతిరుమాల్లో చుట్టిన అయస్కాంతంతో సహా తన సంచీని తీసుకెళ్ళి, బాగుచేసిన గడియారాల ట్రే పక్కనే పెట్టి కబుర్లు చెప్పింది. మర్నాటి నుంచి ఊళ్ళో కొంతమంది ఆఫీసులకు తొందరగా వెళ్ళడం మొదలుపెట్టారు. అప్పటినుంచి ఆవిడ నీడ అద్దం మీద పడగానే ఆయన తలెత్తకుండానే "సంచి బయట" అంటాడు. గుమ్మం పక్కన ఆ సంచి కోసం ఒక మేకు కూడా కొట్టాడు.

ల్యాబులో టీచరమ్మ మహారాణి. చేతులు కడిగే తొట్టి పైన గోడకు "వాడినవి కడిగి పెట్టండి" అని గుండ్రటి అక్షరాలతో కాగితం అంటించింది ఆవిడే. అక్కడ ద్రావణాలు కలియదిప్పడానికి ఒక పొయ్యిలాంటి యంత్రం ఉంటుంది. దాని లోపల ఒక అయస్కాంతం తిరుగుతుంటే, పైన గాజు పాత్రలో వేసిన చిన్న బీడ్ దానితోపాటు గిరగిరా తిరుగుతుంది. బీడ్ అంటే వేలి కణుపంత అయస్కాంతం ముక్కకు తెల్లటి ప్లాస్టిక్ తొడుగు. అందరి బీడ్లూ వాడగా వాడగా టీ మరకలు పట్టిన కప్పుల్లా తయారవుతాయి. టీచరమ్మది మాత్రం పాలతెలుపు. పని అవగానే యాసిడ్‌లో నానబెట్టి, కడిగి, తుడిచి, మెత్తటి గుడ్డలో పెట్టుకునేది. కొత్తగా చేరినవాళ్ళను పిలిచి మరీ చూపించేది.

"చూశారా? నా దగ్గర చేరినప్పట్నుంచి ఇలాగే ఉంది. మీవీ ఉన్నాయి, ఎందుకూ!"

ఆ బీడ్‌తో చేసిన పొడే నిరుడు ఆవిడ తలరాత మార్చింది. జింకు ఎక్కువ వేసి చేస్తే లూప్ సన్నటి గీతలా వచ్చింది. ప్రొఫెసర్‌గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. ఆ బొమ్మను ఎక్కడికి వెళితే అక్కడ చూపించారు. మందులవాళ్ళెవరో ఆ పొడి ఇంకాస్త పంపమన్నారు. టీచరమ్మ ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే అత్తగారు, "పొడి అడిగారా? బాగా కడిగే ఇచ్చావా?" అంది.

సరిగ్గా అప్పుడే ఆ కలియదిప్పే యంత్రం మోటారు కాలింది. దాన్ని బాగుచేయడానికి పంపి, పైనుంచి గాజు తెడ్డు దిగి తిప్పే కొత్తరకం యంత్రం తెచ్చారు. అది పెద్దపెద్ద ల్యాబుల్లో వాడేది. టీచరమ్మ మురిసిపోయింది. పొడి కూడా ఇదివరకటికంటే ఎక్కువ వస్తోంది. కలిసొచ్చే కాలానికి అన్నీ ఇలాగే వస్తాయి కాబోలనుకుంది.

పొడి ఎక్కువొచ్చింది గానీ లూప్ లావుగా వచ్చింది.

ఇంకోసారి చేసింది. లావే. నీళ్ళు మార్చింది. జింకు కొత్త సీసా తెరిచింది. గాజు సామానంతా కడిగింది, కడిగినవాటిని కడిగింది. గాలి తగులుతోందేమోనని కిటికీ మూసి చెమటలు కక్కుతూ చేసింది. లూప్ మాత్రం అత్తారింట్లో అల్లుడిలా రోజురోజుకీ ఒళ్ళు చేస్తోంది. అన్నీ అయిపోయాక అనుమానించడానికి మిగిలింది ఒక్కటే, కొలిచే యంత్రం.

ఆ యంత్రం చూసేది టీచరమ్మ పక్కబల్ల పరిశోధకుడు. ముప్పై దాటకుండానే జుట్టు వెనక్కి జరిగిపోయిన మనిషి. ఆవిడను అక్కా అంటాడు, ఆవిడ తమ్ముడూ అంటుంది, ల్యాబంతా అతన్ని తమ్ముడనే పిలుస్తుంది. నోట్లో నువ్వుగింజ నానదు. రోజూ టీ వేళకు ఆవిడ దగ్గరికొచ్చి కప్పు కడిగించుకుని, ఆవిడనే ఆటపట్టించి పోవడం అతని నిత్యకృత్యం.

"నీ యంత్రం సరిగ్గా లేదు తమ్ముడూ" అంది టీచరమ్మ.

"ఆడలేక మద్దెల ఓడన్నారట అక్కా" అన్నాడు నవ్వుతూ.

నవ్వి ఊరుకోవలసిన మాటే. కానీ ఆవిడకు ఆ రోజు నవ్వు రాలేదు. ఆ వారం అందరూ కూర్చున్నప్పుడు ప్రొఫెసర్‌గారి ముందే, "నా వైపు అన్నీ సరిచూసుకున్నాను సార్, కొలవడంలోనే ఏదో తేడా ఉంది" అనేసింది. ప్రొఫెసర్‌గారు తమ్ముడి వైపు చూశారు. "నికెల్ ముక్క పెట్టి సరిచూడవయ్యా" అన్నారు. ఏ కొలత రావాలో ముందే తెలిసిన నికెల్ ముక్క ఒకటి ఉంటుంది, యంత్రం నిజం చెబుతోందో లేదో దాంతో తేల్చుకుంటారు. తమ్ముడు సరిచూశాడు. యంత్రం బాగానే ఉంది. మర్నాడు ఎవరూ అడక్కుండానే మళ్ళీ చూశాడు. ఆ తర్వాత టీకి రావడం మానేశాడు. వస్తే తన కప్పు తనే కడుక్కునేవాడు, అదీ అరకొరగా. టీచరమ్మకు ప్రాణం ఉసూరుమనేది. అయినా తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మాట వెనక్కి తీసుకోలేదు.

చివరికి ప్రొఫెసర్‌గారు తేల్చిచెప్పేశారు. "ఒక్కసారి వచ్చినదాన్ని ఫలితం అనలేమమ్మా. ఈసారి మీటింగులోపు మళ్ళీ తెచ్చి చూపించండి. లేకపోతే ఆ అధ్యాయం తీసేసి ఇంకో ఏడాది పని చేయాల్సిందే."

ఆ అధ్యాయం తీసేస్తే మిగిలేది ముందుమాటా, కృతజ్ఞతలూ. అప్పటికే పక్కింటావిడ, ఆడపడుచు, పాత బడిలో టీచర్లు, అందరికీ ఈ ఏటితో అయిపోతుందని చెప్పుకుంది. ఇప్పుడు మరో ఏడాదంటే ఆవిడకు నిజంగా ఏడుపొచ్చింది.

అలాంటి సమయంలో పాత యంత్రం బాగుపడి వచ్చింది. కొత్తది ఇంకొకరికి కావలసొచ్చింది. టీచరమ్మ ఆ పాతదాని మీదే, తన పాలతెల్లని బీడ్ వేసి, ఆఖరి ప్రయత్నం చేసింది. పొడి మళ్ళీ తక్కువే వచ్చింది. నా కడుగుళ్ళలో కొంత పోతుందిలే అనుకుంది. అది ఆవిడకు అలవాటైన నష్టమే. చిన్న పొట్లం కట్టి తీసుకెళ్ళి తమ్ముడి బల్ల మీద పెట్టింది.

"ఇది కూడా తేడాగా వస్తే యంత్రం పాపమేనా?" అన్నాడు తలెత్తకుండా. అక్కా అనలేదు.

పొడి లోపల పెట్టాడు. యంత్రం సన్నగా మూలిగింది. తెర మీద గీత పైకి పాకింది, కిందికి దిగింది, మళ్ళీ పైకి పాకింది. వెళ్ళిన దారినే వచ్చింది. సన్నటి గీత. నిరుటి గీతే.

టీచరమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తమ్ముడు కూడా అన్నీ మరిచిపోయి, "అక్కా! వచ్చేసిందక్కా!" అని కుర్చీలోంచి లేచాడు. ఆ అరుపులకు ప్రొఫెసర్‌గారు వచ్చారు, చూశారు, ఆవిడకు అభినందనలు చెప్పారు. వెళుతూ వెళుతూ తమ్ముడితో, "అయితే చివరికి యంత్రం సరిచేశావన్నమాట. ఇన్నాళ్ళూ పాపం ఆవిడను నానా తిప్పలూ పెట్టావు కదయ్యా" అన్నారు.

తమ్ముడు ఏదో అనబోయి, "సరే సార్" అన్నాడు.

టీచరమ్మకు ఎక్కడో చిన్న ముల్లు దిగింది. కానీ కొండంత సంతోషంలో ముల్లు ఎంతసేపు గుర్తుంటుంది? తన బల్ల దగ్గరికొచ్చి, ఏదో పాట కూనిరాగం తీస్తూ, గాజు సామాను సర్దడం మొదలుపెట్టింది. బీడ్ నీళ్ళలో ఉంది. నల్లగా, గొంగళిపురుగులా ఉంది. ఎప్పుడూ అలాగే ఉంటుంది. యాసిడ్‌లో వేస్తే ఆ నలుపు కరిగిపోతుంది. సీసా అందుకుంది. తేలిగ్గా ఉంది. మూత తీసి వంచితే ఒక్క బొట్టు రాలింది. ఎవరో ఖాళీ చేసి, మళ్ళీ నింపకుండా, బుద్ధిగా కడిగి మరీ పెట్టారు. ఆవిడ అంటించిన కాగితం మాట ఆవిడకే తగిలింది.

సరే, తుడుద్దామని కాగితం తీసుకుని బీడ్‌ను నలిపింది. కాగితం నల్లబడింది, బీడ్ తెల్లబడలేదు. ఇంకో కాగితం. ఇంకోటి. చివరికి ప్లాస్టిక్ చెంచా అంచుతో గీకింది. గీకిన కొద్దీ ముద్దముద్దగా నల్లటి పదార్థం వస్తోంది. వస్తూనే ఉంది. ఇంతుందా దీని మీద, అనుకుంది. కాగితం మీద పడ్డ ఆ కుప్పను చూసింది. పక్కన పొట్లంలో మిగిలిన తన పొడిని చూసింది. కుప్ప పెద్దదో పొట్లం పెద్దదో చెప్పడం కష్టం.

సంచీలోంచి అయస్కాంతం తీసి పొట్లం కింద పెట్టింది. పొడి మెల్లగా కదిలి గుంపు కట్టింది. తీసేసింది. పొడి మళ్ళీ విడివిడిగా పరుచుకుంది. కాస్త ఆరిన ఆ గీకుడు కుప్ప కింద పెట్టింది. కుప్ప ముళ్ళు విప్పుకుని లేచి నిలబడింది. అయస్కాంతం తీసేసింది. ముద్ద ముద్దగానే ఉంది, గింజకు గింజ అంటిపెట్టుకుని, ఎంత తట్టినా విడిపోకుండా.

టీచరమ్మ స్టూలు మీద కూలబడింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. బీడ్ అంటేనే అయస్కాంతం. అది ఆ మడ్డిలో గిరగిరా తిరుగుతుంటే పట్టుదల గింజలన్నీ పోయి దానికే అంటుకున్నాయి. మిగిలిన మెతక గింజలు మాత్రం పొట్లంలోకి, అక్కణ్ణించి యంత్రంలోకి వెళ్ళాయి. గాజు తెడ్డుకు ఏదీ అంటదు కాబట్టి దానితో చేసినప్పుడు అన్నీ కలిసి వచ్చాయి, లూప్ లావెక్కింది. యంత్రం మొదటినుంచీ నిజమే చెప్పింది. నిరుటి ఘనకార్యం జింకుది కాదు. బీడ్‌ది. అందరి బీడ్ల మీదా కాస్తో కూస్తో మరకైనా మిగిలింది, చూసేవాళ్ళుంటే అదే సాక్ష్యం. తనే ఆ సాక్ష్యాన్ని యాసిడ్‌లో కరిగించి, తొట్టిలో పారబోసి, పైగా పిలిచి మరీ ఆ తెలుపు చూపించింది. నీ చేతిలో పడితే గిన్నె కూడా పోతుందన్న అత్తగారి మాట గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది, మెల్లగా, పిల్లిలా. ఇది ఎవరికి తెలుసు? ఎవరికీ తెలియదు. గీత వచ్చింది. ప్రొఫెసర్‌గారు చూశారు. అధ్యాయం నిలిచింది. పక్క ల్యాబులో యాసిడ్ ఉంటుంది.

ఆవిడ లేచి వెళ్ళి చిన్న గాజు పాత్రలో యాసిడ్ అడిగి తెచ్చుకుంది కూడా. తొట్టి దగ్గర నిలబడింది. ఒక చేతిలో యాసిడ్, ఒక చేతిలో బీడ్, ఎదురుగా గోడ మీద తన గుండ్రటి అక్షరాలు. కడిగి పెట్టండి. జీవితమంతా చేసిన పనే. ఇందులో కొత్తేముంది?

చెక్క గోడకు అవతల యంత్రం మూలిగింది. ఆగింది. మళ్ళీ మూలిగింది. టీచరమ్మ తొంగిచూసింది. తమ్ముడు ఒక్కడే కూర్చుని నికెల్ ముక్క పెట్టి కొలుస్తున్నాడు. తీస్తున్నాడు, పెడుతున్నాడు, తెర చూస్తున్నాడు, తల గోక్కుంటున్నాడు. లేని తప్పును వెతుకుతున్నాడు. ఆవిడ నోరు మూసుకుంటే అతను ఇక ఎప్పటికీ వెతుకుతూనే ఉంటాడు. ఎవరడిగినా "ఆ యంత్రమా, మధ్యలో కొన్నాళ్ళు పాడైంది, చూసేవాడికి తెలియలేదు" అంటారు. ఆ మాట అతని వెంట ఎంత దూరమైనా వెళుతుంది.

టీచరమ్మకు సిగ్గేసింది. బాగా సిగ్గేసింది. యాసిడ్ తీసుకెళ్ళి తెచ్చిన చోటే ఇచ్చేసింది. నల్లటి బీడ్‌ను గాజు పళ్ళెంలో పెట్టి, దాని మీద మూత బోర్లించి, సొరుగులో పెట్టి తాళం వేసింది.

సాయంత్రం గడియారాల కొట్టు మీదుగా ఇంటికి బయల్దేరింది.

"సంచి బయట" అన్నాడు భర్త.

"సంచేం ఖర్మ, నేనే బయటుంటా" అని గుమ్మంలోనే నిలబడింది.

ఆయన కంటికి పెట్టుకున్న అద్దం తీసి చూశాడు. ఆవిడ వేళ్ళు నల్లగా ఉన్నాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అలా చూడలేదు. స్టూలు ముందుకు జరిపాడు. ఆవిడ సంచీని మేకుకు తగిలించి వచ్చి కూర్చుని, సంగతంతా చెప్పింది. ఆయనకు సగం అర్థమైంది.

"అంటే చెప్పేస్తే ఆ చాప్టర్ పోతుంది."

"పోతుంది."

"ఇంకో ఏడాది పడుతుంది."

"పడుతుంది. అందరూ నవ్వుతారు."

"ఏడాదే కదా. మనమేమన్నా ఎక్కడికన్నా వెళ్ళిపోతున్నామా?" అన్నాడు ఆయన, మళ్ళీ అద్దం పెట్టుకుంటూ. ఆవిడకు చిరాకేసింది, ధైర్యమూ వచ్చింది. రెండూ ఒకేసారి ఇవ్వడం ఆ మనిషికి మొదటినుంచీ అలవాటే.

మర్నాడే మీటింగు. పొద్దున్నే టీచరమ్మ గీకిన పొడిని పొట్లం కట్టి తమ్ముడి ముందు పెట్టింది.

"కొలిచిపెట్టు తమ్ముడూ."

"ఎక్కడిది?"

"ముందు కొలువు. తర్వాత చెప్తా."

లూప్ పొట్ట వేసుకుని వచ్చింది. తమ్ముడు బిక్కమొహం వేశాడు. "నిన్న బాగానే ఉందక్కా. రాత్రికి రాత్రి ఏమైందో..."

"యంత్రానికేం కాలేదు. ఎప్పుడూ ఏం కాలేదు" అంది టీచరమ్మ. గాజు పళ్ళెం మూత తీసి చూపించింది. "ఇది దీని మీంచి గీకింది. తప్పు నాది. నీది కాదు. నలుగురిలో నిన్ను అన్నాను, నలుగురిలోనే చెప్తాను. ముందు నీకు చెప్పాలని వచ్చా."

తమ్ముడు బీడ్ వైపు చూశాడు, పొట్లం వైపు చూశాడు, తెర వైపు చూశాడు. అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. అతనూ ఆ చదువే చదివాడు మరి.

"ఇన్నేళ్ళూ... అంటే నువ్వు కడిగి పారేసిందంతా..."

"అవును."

"ఆ తెల్ల బీడ్ చూపించి నాకెన్నిసార్లు బుద్ధి చెప్పావక్కా!"

"చెప్పాను. ఇంకా అను. ఇవాళ ఏమన్నా పడతా."

అతను చాలా అందామనుకున్నట్టే ఉన్నాడు. కానీ పేరుకుపోయిన కోపం కాస్తా నవ్వు కిందికి జారిపోయింది. "ఆడలేక..." అని మొదలుపెట్టాడు.

"మద్దెల ఓడు" అంది ఆవిడ బుద్ధిగా.

మీటింగు గదిలో అందరూ కొత్త గీతను చూద్దామని కూర్చున్నారు. టీచరమ్మ గాజు పళ్ళెం తెచ్చి ప్రొఫెసర్‌గారి ముందు తెల్లకాగితం మీద పెట్టింది. నిప్పులు కడిగే మనిషి కడగని వస్తువును నలుగురి మధ్యకు తేవడం అదే మొదలు. రెండు లూపులూ పక్కపక్కన చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పింది. యంత్రం ఒక్కనాడూ తప్పు చెప్పలేదని, ఆ మాట మాత్రం గట్టిగా, రెండుసార్లు చెప్పింది.

ప్రొఫెసర్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది మీకెలా తెలిసిందమ్మా?"

"యాసిడ్ అయిపోయింది సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే గదంతా నవ్వింది, ప్రొఫెసర్‌గారితో సహా. నవ్వడం అయ్యాక ఆయన చేయవలసింది చేశారు. జింకు అధ్యాయం తీసేయమన్నారు. గాజు తెడ్డుతో అన్నీ మొదట్నుంచి చేయమన్నారు. ఏడాది తక్కువ పట్టదన్నారు. అయస్కాంతంతో గింజలను కావాలనే ఇలా రెండుగా విడదీసి చూడటం కూడా ఒక పనే, అది చివర్లో ఒక పేజీకి పనికొస్తుందేమో చూడమన్నారు. అధ్యాయం పోయి పేజీ దక్కింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "నిన్న నేనన్న మాట తప్పయ్యా" అన్నారు. తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి.

టీచరమ్మ బయటికొచ్చి వరండాలో నిలబడి కాసేపు ఏడ్చింది. ఏడాది అంటే మాటలు కాదు. పక్కింటావిడ ఏమంటుందో కూడా ఆవిడకు వినబడుతూనే ఉంది. ఏడవడం అయ్యాక మొహం కడుక్కుందామని తొట్టి దగ్గరికి వెళితే, వెనకే తమ్ముడు రెండు టీలతో, కొత్త యాసిడ్ సీసాతో వచ్చాడు.

"ఇలా ఇవ్వక్కా, బీడ్ నేను కడిగేస్తా."

"చెయ్యి తీయ్!" అని అరిచింది టీచరమ్మ. అతను టీ ఒలకబోసుకున్నాడు.

ఆ బీడ్ ఇప్పటికీ ఆవిడ బల్ల మీద గాజు మూత కింద నల్లగానే ఉంది. కొత్తగా చేరినవాళ్ళను పిలిచి మరీ చూపిస్తుంది. తొట్టి పైన గోడకు పాత కాగితం కింద ఇంకోటి వెలిసింది, అవే గుండ్రటి అక్షరాలు: "కడిగే ముందు చూడండి." దాని కింద తమ్ముడు పెన్సిలుతో "అనుభవంతో చెబుతున్నారు" అని రాశాడు. ఆవిడ దాన్ని చెరపలేదు.

ఇంట్లో సంగతి అత్తగారికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఏడాది పొడిగించారట అని మాత్రం తెలుసు. ఒకరోజు వంటగదిలోకి వచ్చేసరికి కోడలు అడుగు మాడిన గిన్నెను కిటికీ వెలుతురుకు వంచి, అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తోంది. నీళ్ళు పక్కన కారిపోతున్నాయి.

"ఏం చూస్తున్నావే దాంట్లో?"

"ఏం లేదత్తయ్యా. కడిగే ముందు ఓసారి చూస్తున్నా."

అత్తగారు కుళాయి కట్టేసి, తనూ పక్కకు వచ్చి నిలబడి గిన్నెలోకి తొంగిచూసింది.